పాలరాతి కాలి కింద ఊత

ఇటు రండర్రా, గుమ్మం దగ్గరివాళ్లు కూడా ముందుకు జరిగి కూర్చోండి. వెనక నిలబడ్డ పెద్దలూ వినండి. నిజానికి ఈ కథ మీకే ఎక్కువ పనికొస్తుంది.

ఐదువందల ఏళ్ల కిందట ఇటలీ దేశంలో బాల్దో అనే శిల్పాచార్యుడు ఉండేవాడు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. అడిగినవాడి చేతికి ఏదో ఒక పనిముట్టు అందించి ఊరుకునేవాడు. ఆయన శిష్యుడు తాద్దెయోకు ముప్పై దాటాయి. అయినా ఒక సందేహం మాత్రం తీరలేదు. "గురువుగారూ, పని పూర్తయిందని ఎలా తెలుస్తుంది?" అని ఎన్నోసార్లు అడిగాడు.

అప్పుడు వాళ్లు ఊరి నడిమధ్య సంత జరిగే చోట నిలబెట్టడానికి ఒక మల్లయుద్ధాన్ని ఒకే పాలరాతిలో చెక్కుతున్నారు. ఆరేళ్ల పని. మన భీముడిలాంటి హెర్క్యులిస్, ఆంటియస్ అనే రాక్షసుణ్ణి నడుము పట్టి పైకెత్తుతున్నాడు. ఆ రాక్షసుడు మన నరకాసురుడిలాగే భూదేవి కొడుకు. కాలు నేలకు ఆనినంతసేపూ తల్లి వాడికి బలం పోస్తూనే ఉంటుంది. గాల్లోకి ఎత్తితే తప్ప వాడు ఓడడు.

గాల్లో ఉండే కాలు చెక్కేటప్పుడు దాని కింద మణికట్టంత రాతిని ఊతగా వదిలేస్తారు. విగ్రహాన్ని బండి మీద తెచ్చి నిలబెట్టాక, చిట్టచివర దాన్ని కోసేస్తారు. రాక్షసుడి ఎడమ కాలు చెక్కింది తాద్దెయో. గురువు నమ్మి అప్పగించిన మొదటి పని. తీరా కోసే వేళ వచ్చేసరికి అతనికి చెయ్యి ఆడలేదు. చీలమండ దగ్గర విరిగిందంటే ఆరేళ్లూ మట్టిపాలే.

"ఉండనిద్దామండీ. అంత చిన్నది ఎవరు పట్టించుకుంటారు?" అన్నాడు.

మర్నాడు సంత నిండాక, ఊత అలా ఉండగానే బాల్దో విగ్రహం మీది ముసుగు తీయించాడు.

జనం ఆగి చూశారు, బాగుందన్నారు. చేపలమ్మే ఆవిడ మాత్రం నెత్తిమీద గంప దించకుండానే, "ప్రాణం పోతున్నా కాలికింద పీట వదల్లేదే వీడు. మా ఆయనా అంతే, ఎంత పోట్లాడినా కుర్చీ దిగడు" అంది. అందరూ నవ్వారు. భుజాన సారా పీపా మోసుకెళుతున్న కూలీ కూడా నవ్వుకుంటూ దాటిపోబోయాడు.

తాద్దెయో తల వంచుకున్నాడు. బాల్దో వచ్చి రాయి కోసే పళ్లులేని రంపం, గుప్పెడు ఇసుక, నీళ్ల ముంత అతని ముందు పెట్టాడు.

"ఇంతమందిలోనా, గురువుగారూ?"

"చెక్కినవాడివి నువ్వు. ఇంకెవరిని పిలవను?"

తాద్దెయో దిమ్మె ఎక్కాడు. తడి ఇసుక పోసి కింద ఒక కోత కోశాడు, తర్వాత పాదం అంచున ఇంకోటి మొదలుపెట్టాడు. రంపం చప్పుడు తప్ప సంతలో ఇంకే చప్పుడూ లేకుండా పోయింది. రాయి చివరి వెంట్రుకవాసి తెగి, ఊత దొర్లి కింద పడింది.

ఊత పోయిన ఖాళీలోంచి, ఆ పాదం కింద నుంచి వెలుతురు ఇవతలికి వచ్చింది. వీరుడి వీపు ఒక్కసారిగా బిగిసినట్టయింది. అతని వేళ్లు రాక్షసుడి నడుములోకి ఇంకా లోతుగా దిగినట్టు కనిపించాయి. దాటిపోబోయిన కూలీ ఆగిపోయాడు. పీపా మెల్లగా దించి, మడమల మీద బరువు వేసి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. "ఎవరైనా ఓ చెయ్యి వెయ్యండయ్యా, ఒక్కడే మోస్తున్నాడు" అన్నాడు నెమ్మదిగా. ఈసారి ఎవరూ నవ్వలేదు. చేపలావిడ గంప దించి చేతులు జోడించింది.

తాద్దెయో ఇదేదీ చూడలేదు. రాయి విరుగుతుందేమోనని ఎప్పుడు చాపాడో, అతని అరచెయ్యి ఆ పాదం కిందే ఉంది. బరువు ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని కాచుకుని ఉంది. ఎంతకీ పడలేదు.

బాల్దో దగ్గరికి వచ్చాడు.

"ఆ చెయ్యి కూడా తియ్యి, తాద్దెయో. అప్పుడు పూర్తవుతుంది," అన్నాడు.

అంతే. ఇక లేవండి, ఇళ్లల్లో అన్నాలు చల్లారిపోతున్నాయి. వెళ్లి తినండి.