నలభై మూడో సర్టిఫికెట్టు

పరాంకుశం మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఇంజనీర్ల సంఘం వారు ప్రతి నెలా రెండో శనివారం సాయంత్రం పెట్టే ప్రసంగానికి ఆయన అందరికంటే ముందు వచ్చి, అందరికంటే వెనక కూర్చునేవారు. వక్త మాట్లాడుతున్నంతసేపూ కళ్లు మూసుకునే ఉండేవారు. నిద్రపోతున్నారని కొత్తవాళ్లు అనుకునేవారు. వక్త "ఆ విధంగా సమస్య పరిష్కారమైంది" అనగానే మాత్రం ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసేసేవారు. పాలిటెక్నిక్‌లో ముప్పై ఏళ్లు యంత్రాల పాఠం చెప్పిన మనిషి. ఆయన దగ్గర చదివినవాళ్లకు ఆ ఒక్క కన్నంటే ఇప్పటికీ భయమే.

త్రినాథ్ వాళ్లలో ఒకడు. ఊరికి మంచినీళ్లు తోడే పంపుహౌసులో ఇంజనీరు. ప్రసంగానికి వచ్చిన ప్రతివారికీ సంఘం ఒక సర్టిఫికెట్టు ఇచ్చేది. అతని దగ్గర అలాంటివి నలభై రెండు పోగయ్యాయి. అన్నింటికీ లామినేషన్ చేయించి ముందుగది గోడకు తగిలించాడు. ఇంక ఆ గోడకు సున్నం వేయించే పని లేదని భార్య సంతోషించింది. ప్రసంగాల్లో అందరూ తల ఊపిన చోట తనూ ఊపేవాడు. ఒకసారి కరెంటు పోయి హాలంతా చీకటైతే, ఎవరికీ కనపడదని తెలిసి కూడా ఊపుతూనే ఉన్నాడు. ఈ సంగతి ఇంకొకరు చెప్పి నవ్వేలోగా తనే చెప్పుకుని నవ్వేసేవాడు.

ఒక శనివారం టీ దగ్గర అతను మాస్టారిని అడిగాడు.

"మాస్టారూ, ఇక్కడ కూర్చుని వింటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. సోమవారం పంపు ముందు నిలబడితే ఒక్క ముక్క గుర్తు రాదు. లోపం వినడంలో ఉందా, చెప్పడంలో ఉందా?"

మాస్టారు టీలో బిస్కెట్టు ముంచి, అది విరిగి లోపల పడేదాకా చూశారు. "వచ్చే నెల నువ్వు మాట్లాడు," అన్నారు.

మాట్లాడటానికి త్రినాథ్ దగ్గర సరుకు లేకపోలేదు. పంపుహౌసులో రెండో పంపుకు ఏడాదిలో మూడుసార్లు బేరింగు పోయింది. మూడోసారి అతను విదేశీ బేరింగు తెప్పించి, మోటారునీ పంపునీ వెంట్రుకవాసి తేడా లేకుండా వరసలో కూర్చోబెట్టాడు. నాలుగు నెలలుగా అది చప్పుడు లేకుండా తిరుగుతోంది. పై అధికారి ప్రభాకరంగారు "శాశ్వత పరిష్కారం" అని పైకి నివేదిక పంపి, ఇతన్ని గదిలోకి పిలిచారు.

"పైకి రాసింది నా సంతకంతో. ఇంకోసారి పోయిందంటే ఆ పంపుహౌసు నీ చేతిలో ఉండదు. తెలిసిందా?"

తెలిసిందని తల ఊపాడు. అందులో అతనికి మంచి అనుభవం ఉంది.

నెల రోజులు కూర్చుని ముప్పై ఒక్క స్లైడ్లు తయారుచేశాడు. చివరిదాని మీద "పరిష్కారం" అని ఆకుపచ్చ అక్షరాలతో రాసి, పక్కన ఒక పువ్వు కూడా పెట్టాడు. తీరా ప్రసంగం రోజు ఉదయం పదకొండు గంటలకు రెండో పంపు గొంతు మారింది. బేరింగు మీద చెయ్యి పెడితే దోసెల పెనంలా కాలింది. పంపు ఆపించి, పాత పంపు వేయించాడు. దానితో ఊరికి సగం నీళ్లే వెళతాయి. తరవాత మాస్టారికి ఫోను చేశాడు.

"మాస్టారూ, ఇవాళ జ్వరమని చెప్పేస్తానండి."

"ఎవరికి జ్వరం?"

"నాకేనండి."

"పంపుకేమయింది?"

త్రినాథ్ చెప్పాడు.

"అయితే ఇవాళ చెప్పడానికి నీ దగ్గర ఏదో ఉందన్నమాట. రా."

ఆ సంఘంలో శాలువా, ప్రశంసాపత్రం ప్రసంగానికి ముందే ఇచ్చేస్తారు. ముఖ్య అతిథికి ఎప్పుడూ ఇంకో సభ ఉంటుంది మరి. ఆ రోజు అతిథి ప్రభాకరంగారు. "బేరింగు సమస్యకు శాశ్వత పరిష్కారం కనుగొన్నందుకు" అని అచ్చువేసిన పత్రాన్ని ఆయనే త్రినాథ్ చేతికిచ్చారు. తన శాఖ గొప్ప కదా అని, వెళ్లకుండా ముందు వరసలోనే కూర్చున్నారు.

ముప్పై స్లైడ్లూ సాఫీగా నడిచాయి. తలలు ఊగాయి. బయట నుంచి ఉప్మా వాసన వస్తుంటే కొన్ని తలలు అటు కూడా తిరిగాయి. ఆకుపచ్చ అక్షరాల స్లైడు తెర మీదికి వచ్చింది. చివరి వరసలో ఒక కన్ను తెరుచుకుంది. ఈసారి అది మళ్లీ మూసుకోలేదు.

"ఇది నిన్న తయారుచేసిన స్లైడండి," అన్నాడు త్రినాథ్. "ఈ ఉదయం పంపు మళ్లీ పోయింది. ఎందుకు పోయిందో నాకు తెలియదు."

ప్రభాకరంగారి తల ఊగుతున్నదల్లా మధ్యలో ఆగిపోయింది. సంచీ సర్దుకుంటున్న ఒకాయన సంచీ కింద పెట్టేశాడు. ఇన్ని ప్రసంగాల్లో ఏనాడూ నోరు విప్పని మనిషి, "ఏ వైపు బేరింగు?" అని అడిగాడు. మోటారు వైపుదని త్రినాథ్ చెప్పాడు. "నాలుగుసార్లూ అదేనా?" అని ఇంకొకరు అడిగారు. అదేనన్నాడు. అంతలో మాస్టారి పక్క నుంచి సత్తిరాజు లేచాడు. చెరుకు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. తను వచ్చేది ఉప్మా కోసమని దాపరికం లేకుండా చెప్పుకునేవాడు.

"బాబూ, నాదో మాటండి. పంపుకి పైపుని బిగించే బోల్టులుంటాయి కదా, అవెప్పుడైనా విప్పి చూశారా?"

"బేరింగు మార్చడానికి అవి విప్పనక్కర్లేదండి."

"అందుకే అడిగానండి. విప్పండి. పైపు ఉన్నచోటే ఉంటే సరే. పక్కకి దూకిందనుకోండి, ఇన్నాళ్లూ అది పంపుని గుంజుతోందన్నమాట. ఏ దేశం బేరింగేసినా అంతేనండి. మా మిల్లులో ఈ సంగతి తెలియడానికి ఏడు బేరింగులు పట్టింది. మీకింకా నాలుగేగా."

హాలంతా నవ్వింది, త్రినాథ్‌తో సహా. నవ్వుతూనే జేబులు తడుముకున్నాడు. పెన్ను దొరికింది గానీ కాగితం దొరకలేదు. చేతిలోని ప్రశంసాపత్రం వెనక్కి తిప్పి, బల్ల మీద పెట్టి రాసుకున్నాడు. తలెత్తి చూస్తే చాలామంది అదే పనిలో ఉన్నారు.

ప్రభాకరంగారు లేచారు. "రేపు ఎనిమిదింటికి వస్తాను. నా ఎదుటే విప్పాలి," అని, ఉప్మా ముట్టకుండా వెళ్లిపోయారు.

మర్నాడు చివరి బోల్టు ఊడి రాగానే పైపు ధన్‌మని బొటనవేలంత కిందికి దిగింది. నిరుటి వానలకు పైపు కింద సిమెంటు దిమ్మె కుంగింది. పంపుహౌసులో అందరూ టీ గ్లాసులు పెట్టుకునేది ఆ దిమ్మె మీదే. అక్కడ పెట్టిన టీ ఒక పక్కకు వాలి ఉండటం త్రినాథ్ ఏడాదిగా రోజుకు రెండుసార్లు చూస్తూనే ఉన్నాడు. ప్రభాకరంగారు ఆ దిమ్మెను చాలాసేపు చూశారు. పంపుహౌసు నీ చేతిలో ఉండదన్న మాట ఎత్తలేదు. "ఆ సత్తిరాజుగారి నంబరు నీ దగ్గరుందా?" అని మాత్రం అడిగారు.

దిమ్మె సరిచేసి పంపు తిప్పాక, ఒక సాయంత్రం త్రినాథ్ ఆ పత్రం పట్టుకుని మాస్టారింటికి వెళ్లాడు.

"పంపు బాగుందండి. లోపం వినడంలోనా, చెప్పడంలోనా అన్న నా ప్రశ్నకే మీరింకా జవాబు చెప్పలేదు. పైగా దీని వెనకంతా గీతలైపోయాయి. లామినేషన్‌కి బాగోదు, సంఘం వారిని కొత్తది అడగనా?"

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని ముందు వైపు చదివారు. తిప్పి వెనక వైపు చదివారు. దానికి ఎక్కువసేపు పట్టింది. తరవాత పత్రాన్ని అతని చేతిలో పెట్టారు.

"నలభై మూడింట్లో దీనికొక్కదానికే రెండు వైపులా రాత ఉంది, నాయనా. గోడకి ఏ వైపు ఆనిస్తావు?"