దివానుగారింటి దంతపు కుర్చీ

మన ముత్తాతలు కూడా పుట్టని కాలంలో, అనగనగా కుందవరమనే రాజ్యం.

ఆ రాజ్యంలో ఏడు తరాలు దివానులుగా వెలిగిన వంశం ఒకటి ఉండేది. వంశం అంతరించింది. ఇల్లు మిగిలింది, సామాను మిగిలింది, ఆ సామాను తుడిచే దాసి సూరమ్మ మిగిలింది. ఆమెను పలకరించే దిక్కు లేదు. మరుపు వస్తోందన్న భయంతో, రోజూ ఒక్కో వస్తువునూ తుడుస్తూ దాని కథ దానికే చెప్పుకొనేది.

ఒకనాడు రాజు వచ్చాడు. "ఈ సామాను చరిత్ర తెలిసినవారే ఇక్కడ కాపలా ఉంటారు. తెలియనివారు సత్రానికి పోవాలి" అన్నాడు. ఆ కొలువు కోసం వర్తకుడు మాణిక్యం కూడా వచ్చాడు.

"ఏమవ్వా, పొద్దున ఏం తిన్నావో గుర్తుందా?" అన్నాడు మాణిక్యం.

"తిన్నది గుర్తుంది నాయనా, రుచే గుర్తులేదు" అంది సూరమ్మ.

రాజు పట్టెమంచం చూపించాడు.

"దీనిమీద మహారాజులు పవళించారు" అన్నాడు మాణిక్యం.

"పెద్ద దివానుగారికి నడుం నొప్పి, నేలమీదే పడుకునేవారు. దీనిమీద మడత బట్టలు పెట్టేవాళ్ళం" అంది సూరమ్మ.

రాజు ఉయ్యాల చూపించాడు. మాణిక్యం దాన్ని ఊపుతూ ఏదో చెప్పబోయాడు. సూరమ్మ చప్పున పట్టుకుంది.

"ఖాళీ ఉయ్యాల ఊపకూడదు బాబూ. ఇందులో చివరగా ఊగింది చిన్నమ్మాయిగారు. పేరు... పేరు రావడం లేదు."

ఆమె కళ్ళు చెమర్చాయి.

మూడోది దంతపు కుర్చీ.

"పెద్ద దివానుగారు తీర్పులు చెప్పింది ఇందులోనే" అన్నాడు మాణిక్యం.

సూరమ్మ కుర్చీ చుట్టూ తిరిగింది. చేత్తో తడిమింది. ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఇది కూడా మరుపులో పోయిందా అనుకుంది. మాణిక్యం మాటకు అవునంటే చాలు, ఈ ఇంట్లో చోటు నిలుస్తుంది.

"గుర్తులేదు దొరా. తుడిచిన జ్ఞాపకం కూడా లేదు. సత్రానికే పోతాను" అని మూట కట్టుకోబోయింది.

"ఆగవ్వా. అది కిందటి నెల మా వడ్రంగి చేసింది. ఈ ఉదయమే ఇక్కడ పెట్టించాను" అన్నాడు రాజు.

మాణిక్యం తల వంచుకున్నాడు.

"ఇక నువ్వే ఉండు. వారానికోసారి లేఖకుణ్ణి పంపుతాను. గుర్తున్నది చెప్పు, రాసుకుంటాడు. గుర్తులేని చోట ఖాళీ వదిలేస్తాడు."

మరవడం దోషం కాదు. మరిచినచోట అబద్ధాన్ని కూర్చోబెట్టడమే దోషం.