కత్తి తాకిన పులస

అనగనగా ఒక గోదారి. గోదారికి ఒక ఒడ్డు. ఒడ్డు మీద ఎత్తుగా ఒక కోట, కోట నీడలో ఒక బెస్తపల్లె. పల్లెలో ఉన్నవాళ్లు పట్టేవాళ్లు, కోటలో ఉన్నవాళ్లు తినేవాళ్లు. ఇలా పంచింది ఎవరని అప్పట్లో అడిగినవాళ్లు లేరు. అడిగిన మొదటి మనిషి కథే ఇది.

ఆమె పేరు మరిడమ్మ. వలలు అల్లేది. ఆ పల్లెలో ఆడవాళ్లు వల అల్లొచ్చు, చేప కొయ్యొచ్చు. పడవ మాత్రం ఎక్కకూడదు.

ఏటా వానలకి గోదారి ఎర్రబడుతుంది. ఆ ఎర్రనీటి రుచి తగలగానే సముద్రంలోంచి పులస బయలుదేరుతుంది. నీళ్లన్నీ కిందికి పోతుంటే అదొక్కటే పైకి ఎదురీదుతుంది. ఆ చేపంటే కోటకి మహా మోజు. అందుకే కోట ఒక కట్టడి పెట్టింది. ఎర్రనీట్లో పడిన తొలి పులస కోటకే రావాలి. చెక్కు చెదరకుండా రావాలి. ఒక్క పొలుసు ఊడినా, కత్తి తాకినా అది మైల చేప, కోటకి పనికిరాదు. కోట తినేదాకా పల్లెలో ఎవరూ పులస వండే మట్టి దాక పొయ్యి మీద పెట్టకూడదు.

నిరుడు వరద ఉరకలేస్తుంటే, చేప ఇవాళే కావాలని కోట కబురు పంపింది. మరిడమ్మ మొగుడు సూరయ్య వెళ్లాడు. పడవ తిరగబడింది. పడవ, వలలో చిక్కిన చేప ఒడ్డుకి కొట్టుకొచ్చాయి, సూరయ్య రాలేదు. కోట దివాను వచ్చి, చేప పొలుసులు సరిచూసుకుని పట్టుకుపోయాడు. సూరయ్య ఏమయ్యాడని మాటవరసకైనా అడగలేదు.

ఈసారి ఎర్రనీరు వచ్చింది. మరిడమ్మ వల భుజాన వేసుకుని ఏటివైపు నడిచింది. కులపెద్ద పోలయ్య ఎదురొచ్చాడు.

"ఏంటే మరిడీ, వల ఎవరికి?"

"ఎవరికీ కాదు మావా. నేనే వేస్తాను."

ఒడ్డున ఉన్న మగాళ్లంతా పగలబడి నవ్వారు.

"ఆడది ఎక్కితే పడవ మునుగుద్దే!" అన్నాడు పోలయ్య.

"నిరుడు మునిగిన పడవలో ఏ ఆడదుంది మావా?"

నవ్వు ఆగిపోయింది. పోలయ్య గొంతు తగ్గించాడు. "సరే, పట్టావే అనుకో. కోటకే గదా ఇవ్వాలి?"

"ఇవ్వను. పోయిన ఏటి చేపతో పాటు నా మొగుణ్ణి కూడా తిన్నారు. ఈ ఏటి చేప మన పల్లె తింటుంది."

"పీక తెగుద్దే పిచ్చిదానా!"

"వంచి వంచి అది ఎప్పుడో విరిగింది మావా. తెగడానికి ఏముంది?"

సూరయ్య చెల్లెలు గంగాలు పరుగెత్తుకొచ్చి పడవలోకి దూకింది. "తెడ్డు నేనేస్తాను వదినా. మా అన్న పడవ, ఎవడు దింపుతాడో చూస్తా!"

వల అల్లడం మరిడమ్మకి తెలుసు. విసరడం తెలీదు. అదే మొదటిసారి.

మొదటిసారి విసిరింది. వల ముద్దగా పడింది. "అది వలా, తడిపిన కోకా?" అని ఒడ్డు మీంచి ఎవరో అరిచారు.

రెండోసారి విసిరింది. తాటిమట్ట వచ్చింది. "పొయ్యిలోకి పుల్ల దొరికింది వదినా, ఇక చేపే తరువాయి" అంది గంగాలు.

మూడోసారి విసిరింది. వల గొడుగులా విచ్చుకుంది. తాడు బిగుసుకుంది. మరిడమ్మ కాళ్లు దన్ని లాగింది. ఎర్రనీట్లోంచి వెండిలా మెరుస్తూ పులస పైకొచ్చింది. అంత దూరం ఏటికి ఎదురీదిన చేప, పడవలో పడి ఒక్కసారి తోక కొట్టి ఊరుకుంది. మరిడమ్మ దాని తల నిమిరింది.

అప్పటికే దివాను ఒడ్డుకి వచ్చాడు. వెనకాల బంట్లు, బంట్ల చేతుల్లో వెండి పళ్లెం.

"ఒసేయ్, చేప జాగ్రత్త! పొలుసు ఊడిందంటే నీ తోలు ఊడుద్ది! అది ఎవరి చేపో తెలుసా?"

"తెలుసండి" అంది మరిడమ్మ నడి ఏట్లోంచే. "వల విసిరిన చేతిది."

నడుమున దోపుకున్న కత్తి తీసింది. పల్లె అంతా చూస్తుండగా, దివాను చూస్తుండగా, చేపని పైకెత్తి తోకనుంచి తలదాకా ఒక్క గీటు గీసింది. పొలుసులు గోదారిలో రాలాయి.

పడవ ఒడ్డుకి చేరింది.

"మైల చేపండి బాబూ. కోటకి పనికిరాదు. ఆ మాట మీరన్నదే."

పళ్లెం ఖాళీగా వెనక్కి వెళ్లింది. ఇసుకలో మూడు రాళ్లు పెట్టి మరిడమ్మ దాక ఎక్కించింది. పల్లెకంతటికీ తలా ఒక ముక్క, తలా ఇంత పులుసు. పోలయ్య కాసేపు దూరంగా నిలబడ్డాడు. తరవాత వచ్చి చెయ్యి చాపాడు. ముళ్లు తీసుకుంటూ తిన్నాడు, కళ్లు తుడుచుకుంటూ తిన్నాడు.

దాక చల్లారకముందే బంట్లు వచ్చి మరిడమ్మని పట్టుకుపోయారు.

కోటలో మొదట దివాను అడిగాడు. "చేప ఎవరిదే?"

"వల విసిరిన చేతిది."

తరవాత కొరడా పట్టినవాడు అడిగాడు. "చేప ఎవరిదే?"

"వల విసిరిన చేతిది."

చివరికి రాజే దిగొచ్చి అడిగాడు. "కోటదని ఒక్క మాట అను, వదిలేస్తాను. చేప ఎవరిది?"

అప్పటికి మరిడమ్మ ఒళ్లంతా కొరడా దెబ్బలే, మాట్లాడే ఓపిక లేదు. కుడి చెయ్యి పైకెత్తి చూపించింది. ఎత్తిన చెయ్యి దించకుండానే ప్రాణం వదిలింది.

మళ్లీ ఎర్రనీరు వచ్చింది. దివాను మళ్లీ పళ్లెం మోయించుకుని ఒడ్డుకి వచ్చాడు. ఏట్లో ఎన్ని పడవలో! పడవ పడవకీ ఒక ఆడమనిషి, ఆడమనిషి చేతిలో ఒక కత్తి. ముందు పడవ గంగాలుది, తెడ్డు పోలయ్యది. తొలి పులస పడింది. గంగాలు కత్తి పెట్టింది. పొలుసులు రాలాయి. పక్క పడవలో రాలాయి. ఆ పక్క పడవలో రాలాయి.

"పట్టుకోండి దాన్ని!" అని అరిచాడు దివాను.

"ఎవర్నండీ?" అన్నాడు బంటు. "అందర్నీ పట్టుకుపోతే చేపలు పట్టేదెవరు?"

ఆ ఏడాది కోట పులస తినలేదు. ఆ మరుసటేడూ తినలేదు. ఆ రాజు పేరేమిటని ఇవాళ అడగండి, చెప్పేవాళ్లు లేరు. కోట గోడలు ఏటి కోతకి ఎప్పుడో జారిపోయాయి. ఆ రాళ్ల మీదే పల్లెవాళ్లు వలలు ఆరేస్తారు.

ఇప్పటికీ ఆ పల్లెలో ఎర్రనీరు వస్తే తొలి వల ఆడవాళ్లే వేస్తారు. తొలి పులసని ఒడ్డుకి తేకముందే కత్తితో ఒక్క గీటు గీసి, పొలుసులు గోదారిలో వదులుతారు. వదులుతూ కేకేస్తారు:

"మరిడమ్మా, కత్తి తాకింది!"

ఒడ్డున ముసలీ ముతకా, పిల్లా పీచూ అంతా కుడి చెయ్యెత్తి ఒక్క గొంతుతో బదులిస్తారు:

"అయితే మనదే!"