కడియాల గంగమ్మ: రెండు వేళ్ల ఇనుప ముక్క మహిమ

నల్లవాగుపల్లెకు కూతవేటు దూరంలో, ఎర్రమట్టి మిట్ట మీద కడియాల గంగమ్మ వారి ఆలయం ఉన్నది. బస్సు దిగిన భక్తులు ముందుగా గర్భగుడిలోకి తొంగి చూసి, ఆపైన పూజారి గారి వైపు అనుమానంగా చూడడం ఇక్కడ మామూలే. లోపల విగ్రహం లేదు. నల్లరాతి పీఠం మీద రెండు వేళ్ల వెడల్పు ఇనుప ముక్క ఒకటి, పసుపు కుంకుమలతో, ఒంటి మీద మరీ పెద్దదైన పట్టుగుడ్డతో కొలువై ఉన్నది. అదే అమ్మవారు. "అసలు విగ్రహం శుభ్రం చేయడానికి పంపారా?" అని అడిగే వారు ప్రతి ఆదివారమూ ఉంటారు. పంపలేదు. దయచేసి దణ్ణం పెట్టుకొని ఈ కథ చదవగలరు. విహారయాత్రకు వచ్చిన బడిపిల్లలు మాత్రం ఇంకాస్త శ్రద్ధగా చదవాలి, ఎందుకంటే బస్సు ఎక్కేముందు మీ మాస్టారు ఇందులోంచే ప్రశ్నలు అడుగుతారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు, తుమ్మచెట్లు తప్ప నీడ లేదు. ఏటా ఎండాకాలంలో పల్లెలోని గంగమ్మ తేరెక్కి, ఈ మిట్ట దాటి, అవతలి వైపు వాగులో స్నానమాడి వచ్చేది. ఒకసారి గడప దాటిన తేరు నీళ్లను ముట్టకుండా వెనుదిరగరాదని కట్టుబాటు.

ఆ తేరుకు చక్రాలు చేసేవాడు వడ్రంగి సిద్ధాచారి. చక్రాల చుట్టూ ఇనుప పట్టా వేసేవాడు కమ్మరి రుద్రాచారి. సిద్ధాచారి చెల్లెలు నాంచారమ్మను రుద్రాచారికి ఇచ్చారు కనుక ఇద్దరూ బావాబావమరదులు. కనుకనే ఒకరి పని ఒకరికి నచ్చేది కాదు. సిద్ధాచారి తాడుతో చక్రం చుట్టుకొలత తీసి ఇచ్చేవాడు. రుద్రాచారి వెంట్రుకవాసి తేడా రాకుండా అదే కొలతకు పట్టా వంచి, అతికి, చక్రానికి తొడిగి మేకులు కొట్టేవాడు. ఇద్దరి కొలతా సరైనదే. వచ్చిన చిక్కల్లా అదే. మిట్ట మీద ఎండకు కొయ్యలోని చెమ్మ ఆరిపోయి, చక్రం కాస్త ముడుచుకునేది. బండరాళ్ల మీద కుదుపులకు మేకులు ఊడేవి. పట్టా జారిపోయేది.

"నీ పట్టా వదులు బావా."

"నీ చక్రమే చిక్కిపోయింది. దానికి కాస్త తిండి పెట్టు."

ఇలా ఏటేటా నడుస్తుండగా, ఒక ఏడు తేరు సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి పట్టా ఊడి దొర్లుకుంటూ పోయి తుమ్మపొదలో పడింది. తేరు ఒక పక్కకు ఒరిగింది. ఊరి పెద్దకాపు కోనప్పకు కోపం వచ్చింది. "రేపు పొద్దు వాలేలోగా అమ్మవారు వాగు చేరాలి. చేరకపోతే రుద్రాచారీ, నీ కొలిమి ఆర్పేసి ఊరు వదిలి పో" అని తీర్పు చెప్పాడు. సిద్ధాచారి ముఖంలో రంగు పోయింది. బావను తిట్టడం అతనికి ఇష్టమే గాని, చెల్లెలు ఊరు వదలడం ఇష్టం లేదు.

కొలిమి దగ్గర తిత్తి ఊదేది నాంచారమ్మే. ఆమె దిగులుతో తేరు నీడన కూలబడి, మిట్టమధ్యాహ్నం వేళ కునుకు తీసింది. కలలో పట్టుపావడా కట్టిన ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె వచ్చి కాలు చాపింది.

"మీ ఆయన చేసిన కడియం వదులు. పరుగెత్తితే జారిపోతోంది. రెండు వేళ్లు కోసేసి చిన్నది చెయ్యమను."

"చిన్నదైతే కాలికి ఎక్కదు కదా తల్లీ!"

"నిప్పు తినిపించు. నిప్పు తిన్న ఇనుము లావెక్కుతుంది."

"లావెక్కితే మధ్యలో ఖాళీ ఇంకా ఇరుకైపోదూ?"

ఆ పిల్ల పకపకా నవ్వి చప్పట్లు కొట్టింది. ఎక్కడినుంచో పిల్లలు బిలబిలా వచ్చి, చేతులు పట్టుకొని గుండ్రంగా నిలబడ్డారు. అందరూ ఒక్కసారి గాలి పీల్చి బుగ్గలు, పొట్టలు ఉబ్బించారు. పక్కవాడి పొట్ట తగిలి ప్రతివాడూ వెనక్కి జరిగాడు. గుండ్రం పెద్దదైంది. "చూశావా? ఇనుములోనూ ఇంతే. కంటికి కనిపించని రేణువులు నిప్పు తగిలితే కుదురుగా నిలబడవు, గంతులేస్తాయి. ఒకదానికొకటి ఎడమవుతాయి. పట్టాతో పాటు మధ్య ఖాళీ కూడా పెరుగుతుంది. ఎక్కించాక నీళ్లు పొయ్యి. మరిచిపోయేవు!" అని చెప్పి ఆ పిల్ల మాయమైంది.

నాంచారమ్మ లేచి సంగతి చెప్పింది. రుద్రాచారి కాసేపు గడ్డం గోక్కున్నాడు. చేసేది లేక పట్టాను కొలిమికి మోసుకుపోయి, రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి, మళ్లీ అతికాడు. మరునాడు పొద్దున ఆ పట్టాను మిట్ట మీదికి తెచ్చి చక్రం పక్కన పెడితే, చక్రం కన్నా అది చిన్నదని గుడ్డివాడికైనా తెలిసేట్టు ఉంది. సిద్ధాచారి కోసిన ముక్కను చేతిలో ఆడిస్తూ, "ఉన్న పట్టాను కూడా చెడగొట్టావు కదమ్మాయ్! ఇదిగో మీ ఆయన తెలివి, కొప్పులో పెట్టుకో" అని దాన్ని చెల్లెలి ముందు నేల మీద పారేశాడు.

ఆమె పట్టా చుట్టూ పిడకలు పేర్పించి నిప్పు పెట్టింది. నిప్పు తగిలిన చోట మొదలైన వేడి, ఇనుము వెంట రేణువు నుంచి రేణువుకు పాకింది. పొగ, వేడిగాలి తేలికపడి పైకి లేచి తేరు మీది గుడ్డజెండాను ఆడించాయి. మంట ఎవరినీ తాకలేదు, గాలి వారి వైపు రాలేదు, అయినా దూరాన నిలబడిన కోనప్ప బుగ్గలు చురుక్కుమన్నాయి. ఎండ మనల్ని చేరినట్టే ఆ వేడి నేరుగా చేరింది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆయన మీసం కూడా ఆయనతో పాటు వెనక్కి వెళ్లింది.

పట్టా ఎర్రబడింది. పొడుగాటి పట్టకార్లతో నలుగురు దాన్ని ఎత్తి, పడుకోబెట్టిన చక్రం మీద పెట్టారు. ఇందాక ఎక్కదనుకున్న పట్టా సులువుగా దిగి కూర్చుంది. సిద్ధాచారి నోరు తెరిచాడు. ఆ నోరు మూసేలోపే చక్రం భగ్గున అంటుకుంది.

"నా చక్రం! నా చక్రం!" అని సిద్ధాచారి కేకలు వేశాడు. అప్పుడు చూసుకుంటే నీళ్లు లేవు. అమ్మవారు మరిచిపోవద్దన్నది ఏదో, నాంచారమ్మ సరిగ్గా అదే మరిచిపోయింది. అక్కడున్నవల్లా అభిషేకానికని ఊరి ఆడవాళ్లు తలల మీద మోసుకొచ్చిన బిందెలు. ఆమె ఒక బిందెను అందుకోబోతే కోనప్ప అడ్డుపడ్డాడు.

"అవి అమ్మవారి నీళ్లు! ముట్టకు!"

"కాలుతున్నది అమ్మవారి కాలే పెద్దయ్యా!"

కోనప్ప అడ్డు తొలిగాడు. తర్వాత తానే ఒక బిందె ఎత్తి కుమ్మరించాడు. ఇక ఎవరూ ఆగలేదు. నీళ్లు పడిన చోటల్లా చుయ్యిమని ఆవిరై లేచాయి. పోతూ పోతూ ఇనుములోని వేడిని మోసుకుపోయాయి. నీళ్లు అయిపోతే మజ్జిగ పోశారు. మజ్జిగ అయిపోతే భక్తుల కోసం కలిపిన పానకం పోశారు. ఆవిరి మబ్బులా కమ్మేసి ఎవరికి ఎవరూ కనిపించలేదు. అందులోంచి 'కిర్రు' మని ఒక చప్పుడు వచ్చింది. చల్లారిన పట్టా ముడుచుకుంటూ చక్రం నడిమి నుంచి అంచుకు సాగే ఆకులను, అతుకులను నలువైపుల నుంచి బిగిస్తున్న చప్పుడది.

ఆవిరి విడిపోయాక సిద్ధాచారి మోకాళ్ల మీద కూర్చొని, పట్టాకు, కొయ్యకు మధ్య గోరు దూర్చి చూశాడు. గోరు విరిగింది. "బావా, మేకులు అక్కర్లేదు" అన్నాడు. రుద్రాచారి పెళ్లయినప్పటి నుంచి అతని నోట విన్న మొదటి మంచి మాట అదేనట. నాంచారమ్మ అడుగున మిగిలిన పానకాన్ని ఇద్దరి నెత్తినా సమంగా పోసింది.

పొద్దు వాలకముందే తేరు వాగు చేరింది. కొలిమి ఆరలేదు. తిరిగి వచ్చేటప్పుడు చూస్తే, సిద్ధాచారి పారేసిన ఇనుప ముక్క మీదికి పానకం పారి, నిప్పుల వేడికి మాడి, కింది నల్లరాతికి అంటుకొని ఉంది. పట్టా వేడెక్కి పెరిగింది, చల్లారి మళ్లీ తన పాత రూపానికి వచ్చింది. మాడిన బెల్లం మాత్రం ఎంత చల్లార్చినా మళ్లీ బెల్లం కాలేదు. ఆ ముక్కను పెకలించబోతే కదలలేదు. "ఇది కోసినందుకే కదా అమ్మ కాలికి కడియం నిలిచింది" అని కోనప్ప ఆ రాతినే పీఠంగా చెక్కించి గుడి కట్టించాడు. అమ్మవారు నాటి నుంచి కడియాల గంగమ్మ అయింది.

ఆ ఆచారం నేటికీ తప్పలేదు. ఏటా తేరుకు కొత్త పట్టా ఇక్కడే ఎక్కిస్తారు. దాన్ని చక్రం కన్నా రెండు వేళ్లు తక్కువకే చేస్తారు. పట్టా ఎర్రబడుతుండగా పిల్లలు తాడు కట్టిన హద్దుకు ఇవతల చేతులు పట్టుకొని, బుగ్గలు ఉబ్బించి, వెనక్కి అడుగు వేస్తారు. పెద్దలు కూడా చేరవచ్చు గాని, ముందే ఉబ్బిన పొట్టలను లెక్కలోకి తీసుకోరు. నిప్పు పెట్టకముందే నీళ్ల బిందెలు నింపి వరుసగా పెట్టడం నాంచారమ్మ వంశపు ఆడపడుచుల బాధ్యత. చివరి బిందె పానకం. చక్రం కిర్రుమన్నప్పుడు అందరూ "అమ్మ కాలు దులిపింది" అని దణ్ణం పెడతారు.

మాట పట్టింపులున్న బావాబావమరదులు ఆ రోజు చక్రానికి చెరొక వైపున నిలబడి, ఒకే ఆవిరిలో తడిస్తే తగవు తీరుతుందని భక్తుల నమ్మకం. తీరనివారికి పానకం నెత్తిన పోయడానికి ఆడపడుచులు సిద్ధంగా ఉంటారు. ఇంతవరకు రెండో చెంబు అవసరం రాలేదని పూజారి గారు చెబుతారు.