రేవు కాపలాకు మొగలిపూలు

"మన దండులో పంజా చూస్తాం, కోర చూస్తాం, గుండె చూస్తాం. ముఖం మాత్రం చూడం. ఈ వాగు మీద ఆన!"

ఈ మాట అన్నది ఎర్రవాగు అడవికి దండనాయకుడైన అడవిదున్న కొమ్ములయ్య. రేవు పక్కనున్న నల్లబండ ఎక్కి, అడవంతా వినేలా అన్నాడు. అప్పట్లో వాగు అవతలి రేచుకుక్కలు ఈలలు వేసుకుంటూ గుంపుగా వచ్చి, నీళ్ళకు దిగిన లేగలను ఈడ్చుకుపోతుండేవి. మగదండులో సగం గాయపడి పడుకుంది. మిగతా సగానికి ఉన్నట్టుండి ఇంటి పనులు గుర్తొచ్చాయి. అప్పుడు గుర్తొచ్చారు ఆడవాళ్ళు. ఆపద ఉన్నంతసేపూ సమానత్వం, అది గట్టెక్కాక సంప్రదాయం. అధికారానికి ఈ రెండు నాలుకలూ పుట్టుకతోనే వస్తాయి.

ఆ మాట నమ్మి ముందుగా వచ్చింది అడవిపంది చిత్తడమ్మ. ముతక వెంట్రుకల ఒళ్ళు, వెన్ను మీద నిక్కబొడిచిన జూలు. రేచుకుక్కల నాయకుడు ఈలోడిని రేవులో ఒంటరిగా ఎదిరించి, ఒక్క గుద్దుతో నీళ్ళలో పడేసింది ఆమే. ఆ పోరులో ఎడమ చెవి సగం తెగింది, దవడ మీద వంకర గాటు మిగిలింది. ఆ రోజు ఆమె పొట్ట కింద దూరి బతికిన లేగల్లో ఒకటి కొమ్ములయ్య మనవరాలు. రేవు దళానికి ఆమెనే నాయకురాలిని చేశారు. ఆ తరవాత ఒక్క లేగ కూడా పోలేదు.

చిత్తడమ్మ దళానికి ఒక ఆచారం ఉంది. రేవుకు పోయే ముందు ఎవరైనా సరే ఊబి అంచున పొర్లి, ఒళ్ళంతా బురద పూసుకోవాలి. "ఒంటి వాసన గాలికెక్కకూడదర్రా! వాసన పట్టి వేటాడేవాడికి వాసనే దొరక్కపోతే మనం లేనట్టే," అనేది. రోజూ పొర్లీ పొర్లీ, ఆ ఊబిలో ఎక్కడ కాలు నిలుస్తుందో ఎక్కడ దిగబడుతుందో దళంలో అందరికీ తెలిసిపోయింది. ముళ్ళపంది సూదమ్మ, చుక్కలజింక చుక్కమ్మ ఆమెకు కుడిఎడమలు. నాకైతే ఆ ముగ్గురూ బురద పూసుకుని తెల్లవారుజామున రేవుకు నడిచిపోయే దృశ్యానికి మించిన ఊరేగింపు లోకంలో లేదు.

మరి కథెక్కడ చెడింది? వానలు తగ్గాక, దండును చూడ్డానికి పులిరాజు వస్తున్నాడని కబురొచ్చింది. కబురు వెనకే నక్క వినయరాజు కూడా వచ్చాడు, దండు శోభకు సలహాదారునని చెప్పుకుంటూ. కొమ్ములయ్య తల ఊపాడు. వినయరాజు రేవు దళాన్ని వరసలో నిలబెట్టి, ముక్కు మూసుకున్నాడు.

"ఏమిటమ్మా ఈ అవతారం?"

"కాపలా అవతారం," అంది చిత్తడమ్మ.

"ఆ చెవి ఏదీ?"

"ఈలోడి నోట్లో ఉండిపోయింది. అడిగి తెచ్చుకోమంటారా?"

సూదమ్మ కిసుక్కున నవ్వింది. వినయరాజు అటు తిరిగాడు.

"నవ్వొకటి మళ్ళీ! ఆ ముళ్ళేమిటి తల్లీ? ఆడపిల్లన్నాక చూస్తే ముచ్చటెయ్యాలి గానీ గుచ్చుకోకూడదు."

"రేచుకుక్కలక్కూడా ముచ్చటెయ్యాలా బాబాయ్?"

"బాబాయ్ కాదు, సలహాదారుగారు అనాలి." తరవాత చుక్కమ్మ దగ్గర ఆగి, పైనుంచి కిందకూ కిందనుంచి పైకీ చూశాడు. "నీకు ఏ వంకా లేదు. అదే నీలో ఉన్న వంక. నువ్వు రేవులో నిలబడితే మగదండు అవతలి ఒడ్డు చూడదు, నిన్నే చూస్తుంది. నువ్వు కాపలా మానేసి పులిరాజుకు హారతి పళ్ళెం పట్టుకో."

చుక్కమ్మ కళ్ళు ఎర్రబడ్డాయి. "గుడ్లప్పగించి చూసేది వాళ్ళయితే, తప్పుకోవలసింది నేనా?"

వినయరాజు ఆ మాట విననట్టు ముందుకు నడిచాడు. అలాంటివాళ్ళ లెక్కే వేరు. ఒకరు అందంగా లేరు గనక పనికిరారు, ఇంకొకరు అందంగా ఉన్నారు గనక పనికిరారు. మగదండులో ఒంటికన్ను తోడేలు ఉన్నాడు. ఆయన కన్ను పోతే "వీరుడి గుర్తు" అని పేరు పెట్టి, కొత్తగా చేరినవాళ్ళకు చూపిస్తారు. చిత్తడమ్మ దవడ మీద గాటు మాత్రం మచ్చ! గాయానికి కూడా ఆడా మగా ఉంటుందని అప్పుడే తెలిసింది నాకు.

సాయంత్రానికల్లా చాటింపు పడింది. రేవు దళం బురద కడుక్కోవాలి. మెడలో మొగలిపూల దండ వేసుకోవాలి. ముళ్ళున్నవాళ్ళు వాటిని తీగతో అణిచి కట్టుకోవాలి. ఒప్పుకోకపోతే రేవు కాపలా మగ నెమళ్ళకు పోతుంది.

చిత్తడమ్మ నేరుగా కొమ్ములయ్య దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, ముఖం చూడనని వాగు మీద ఆన పెట్టారు."

కొమ్ములయ్య నెమరు ఆపలేదు. "పెట్టాను తల్లీ. ఇప్పుడు కాదన్నానా? కాస్త కడుక్కుంటే నీ సొమ్మేం పోతుంది?"

"నా సొమ్ము కాదు, లేగలు పోతాయి."

"రాజు వచ్చి వెళ్ళేదాకానే. దండును చూసే గదమ్మా రాజ్యాన్ని అంచనా వేస్తారు!"

"మరి ఒంటికన్ను తోడేలుకు పూలదండ వేశారా?"

"వాడికెందుకు? వాడు మగాడు."

ముఖం చూసి బొట్టు పెట్టేవాళ్ళతో చిత్తడమ్మ ఎంతసేపు వాదిస్తుంది? కాదంటే రేవు నెమళ్ళ పాలవుతుంది. అందుకే పళ్ళు బిగబట్టి ఒళ్ళు కడుక్కుంది. సూదమ్మ ముళ్ళను తనే తీగతో కట్టింది.

"నొప్పిగా ఉందా?"

"నొప్పి కాదక్కా, సిగ్గుగా ఉంది. ఎవరో నా నోరు కట్టేసినట్టుంది."

మర్నాడు, రాజు వచ్చే ముందురోజు, చుక్కమ్మతో సహా ముగ్గురూ మొగలిదండలతో రేవులో నిలబడ్డారు. మొగలి వాసన ఎలాంటిదో మీకు తెలుసు. గాలి దాన్ని ఎత్తుకుని వాగు దాటించింది. కాసేపటికి అవతలి పొదల్లోంచి ఈలలు, ఆ వెనక నవ్వులు వినబడ్డాయి.

"ఏమమ్మా చిత్తడమ్మా! పెళ్ళా పేరంటమా?" ఈలోడు ఒడ్డుకొచ్చి ముక్కు ఎగబీల్చాడు. "ఇన్నాళ్ళూ మీరెక్కడున్నారో తెలియక చచ్చాం. ఇప్పుడు కళ్ళు మూసుకుని కూడా వచ్చేయొచ్చు. పొద్దున్నే వస్తాం, మీ రాజు కంటే ముందే! పూలు మాత్రం తియ్యకండే!"

చిత్తడమ్మ పరుగున పోయి వినయరాజుకు ఈ సంగతి చెప్పింది. ఆయన తన గుహలో ఉన్నాడు. మర్నాటి అలంకారం కోసం తెప్పించిన మొగలిపూలు గుట్టగా పోసి ఉన్నాయి, ఆయన వాటి మీదే పడుకుని ఉన్నాడు.

"గాలి మన వాసనను అవతలికి మోస్తోందయ్యా. పొద్దున్నే వచ్చి పడతామంటున్నారు."

"అంటే శత్రువు కూడా మెచ్చుకున్నాడన్నమాట!"

"మెచ్చుకోలేదు. ఆనవాలు పట్టాడు."

"అన్నిటికీ ఎదురు మాటే! ఇందుకే ఆడవాళ్ళకు నాయకత్వం ఇవ్వకూడదనేది. ఇప్పటినుంచి రేవు నెమళ్ళది. మీ ముగ్గురూ రాజు కంట పడకుండా ఆ ఊబి వెనక ఎక్కడన్నా కూర్చోండి."

ఆమె రేవుకు తిరిగొచ్చి ఆ మాట చెప్పగానే చుక్కమ్మ ఏడ్చింది. సూదమ్మ "నాయకత్వం మా హక్కు, ఎవడి భిక్షా కాదు!" అని అరిచి, మొగలిదండ తెంపబోయింది. చిత్తడమ్మ ఆపింది. ఆమె ఊబి వైపు చూస్తోంది.

"తెంపకు. జాగ్రత్తగా తియ్యి. ఆయన మనల్ని ఊబి వెనక కూర్చోమన్నాడు గదా? కూర్చుందాం. ఈలోడు పూలు తియ్యొద్దన్నాడు గదా? పూలనూ అక్కడే ఉంచుదాం."

ముగ్గురూ గట్టి జాగాల మీద అడుగులేస్తూ ఊబి నడిమధ్యకు వెళ్ళి, తుంగ దుబ్బులకు దండలు తగిలించి వచ్చారు. సూదమ్మ ముళ్ళకు కట్టిన తీగను చిత్తడమ్మ పళ్ళతో కొరికేసింది. ముళ్ళు గలగలమని విచ్చుకున్నాయి. ఆ చప్పుడు విన్నాక కూడా, ఆడవాళ్ళ కాలికి అందెలే అందమని ఎవరన్నా అంటే వాళ్ళ చెవుల్లో సీసం ఉన్నట్టే. తరవాత ముగ్గురూ హాయిగా బురదలో పొర్లారు; చుక్కమ్మ మాత్రం వీపు మీది చుక్కలు కప్పుకోకుండా కాళ్ళకూ పొట్టకూ పూసుకుంది.

తెల్లవారింది. వాగు మీద పొగమంచు పరుచుకుని ఉంది. రేచుకుక్కలు రేవు దాటాయి. రేవులో పింఛాలు విప్పి నిలబడ్డ నెమళ్ళు వాటిని చూడగానే, పింఛాలు ముడుచుకుని దగ్గర్లోని మద్దిచెట్టు ఎక్కాయి. ఈలోడు గుంపును రెండుగా చీల్చాడు. వాసన రెండు చోట్లనుంచి వస్తోంది మరి!

పెద్ద గుంపును తనే ఊబి వైపు నడిపించాడు. ఆకుల సందున ఎండపొడ నేల మీద చుక్కలుగా పడుతోంది. ఆ చుక్కల్లో చుక్కమ్మ ఉంది. పదడుగుల దూరంలో ఉన్నా వాళ్ళకు కనబడలేదు. వినయరాజు హారతి పళ్ళేనికి సరిపోతుందన్న ఆ అందమే, తరతరాలుగా అడవి ఆమె జాతికి తొడిగిన కవచం. సమయం చూసి ఆమె "టాంవ్!" అని కూత వేసి, ఒక్క గెంతుతో ఊబి అంచు దాటింది.

"అదిగో, పట్టుకోండ్రా!"

గుంపంతా వాసన వెంట దూకింది. ఒకటి మోకాలిదాకా దిగబడింది, ఒకటి పొట్టదాకా. ఈలోడు అందరికంటే ముందు దూకాడు గనక, అందరికంటే లోతుకు పోయి పీకల దాకా మునిగాడు. ఎదురుగా తుంగకు వేలాడుతున్న మొగలిదండ ముక్కుకు తగులుతోంది.

"పూలు ఇక్కడున్నాయి. ఆడోళ్ళేరీ?" అన్నాడు బిక్కముఖం వేసి.

పక్కనున్న బురదగుట్ట లేచి నిలబడింది. దానికి ఒకటిన్నర చెవి ఉంది.

"పేరంటానికొచ్చావా తమ్ముడూ? తాంబూలం తీసుకుని పో."

మిగతా పని సూదమ్మ చేసింది. వెనక్కి తిరిగి, ముళ్ళు నిక్కబొడిచి, ఊబి అంచున ఒక చుట్టు తిరిగిందంతే. మూతి నిండా ముళ్ళతో రేచుకుక్కలు కుయ్యో మొర్రో అన్నాయి. చిత్తడమ్మ ఒక్కొక్కదాన్నీ తోక పట్టి బయటికి లాగి, వాగులోకి తోసింది. ఈలోడి వంతు వచ్చినప్పుడు అడిగింది, "నా చెవి ఉందా, మింగేశావా?"

"మింగేశానక్కా."

"అరిగిందా?"

"ఇవాళ్టిదాకా అరగలేదు," అన్నాడు ఈలోడు. ఈల మరిచిపోయి వాగు దాటాడు.

రెండో గుంపు వాసన పట్టి ఎక్కడికి పోయిందో మీరీపాటికి ఊహించే ఉంటారు. పూలగుట్ట మీద నిద్రపోతున్న వినయరాజు కళ్ళు తెరిచేసరికి గుహ గుమ్మంలో కోరలు కనబడ్డాయి. వెనక బిలంలోంచి దూరి పరుగు లంకించుకున్నాడు. పొద కింద దాక్కుంటే వాసన పట్టేశాయి. రాళ్ళ సందున దూరితే అక్కడా పట్టేశాయి. రాత్రంతా పూలల్లో పొర్లిన ఒళ్ళు, ఎక్కడ దాగుతుంది? చివరికి ఊబి దగ్గరికొచ్చి పడ్డాడు.

"చిత్తడమ్మ తల్లీ! కాపాడు!"

"అవతారం మార్చుకోండి సలహాదారుగారూ. ఇదిగో, ఈ గట్టి జాగాలో బురదలో పొర్లండి, వాసన పోతుంది."

"బురదలోనా? నేనా?"

"మీ ఇష్టం. పూలదండతో పోతారో, బురదతో ఉంటారో."

వినయరాజు కళ్ళు మూసుకుని దూకాడు. అటూ ఇటూ పొర్లాడు. వెంటపడ్డ కుక్కలు అంచున ఆగి, ముక్కులు ఎగబీల్చి, ఏమీ తోచక నిలబడ్డాయి. అంతలో సూదమ్మ ముళ్ళ చప్పుడు విని వచ్చిన దారినే పారిపోయాయి.

పులిరాజు వచ్చేసరికి రేవులో లేగలు నీళ్ళు తాగుతున్నాయి. దండు వరసలో ఉంది. నెమళ్ళు ఇంకా చెట్టు దిగలేదు.

"ఈ బురదముద్ద ఎవరయ్యా?" అన్నాడు రాజు.

"దండు శోభకు సలహాదారు, ప్రభూ," అంది సూదమ్మ.

పులిరాజు మీసాల చాటున నవ్వాడు. వినయరాజు తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెనక వరసలోకి పోయాడు. పైన పటారం లోన లొటారం అన్నారు పెద్దలు. ఆ రోజు పటారం కూడా మిగల్లేదు.

అంతా విన్న పులిరాజు చిత్తడమ్మకు తల వంచాడు. కొమ్ములయ్య వెంటనే ముందుకొచ్చి గొంతు సవరించుకున్నాడు. "ఇంతటి వీరనారిని అడవి గౌరవించాలి. ఈ రోజు నుంచి చిత్తడమ్మకు 'వాగుసుందరి' అని బిరుదు!" అని, ఎక్కడినుంచి తెచ్చాడో, ఒక మొగలిదండ తీశాడు.

దళం గొల్లున నవ్వింది. చిత్తడమ్మ మాత్రం నవ్వలేదు.

"దండ వద్దు పెద్దయ్యా. బిరుదూ వద్దు. ఆ నల్లబండ ఎక్కి, మునుపు చెప్పిన మాట మళ్ళీ చెప్పండి. చాటింపు రద్దని చెప్పండి. చుక్కమ్మ రేవులోనే ఉంటుందని చెప్పండి."

కొమ్ములయ్య బండ వైపు చూశాడు, రాజు వైపు చూశాడు. "మోకాళ్ళ నొప్పులు తల్లీ, బండ ఎక్కలేను. అయినా తప్పకుండా పరిశీలిస్తాం," అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసేవాడి భాషలో "పరిశీలిస్తాం" అంటే ఏమిటో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అయినా మర్నాడు ముగ్గురూ ఎవరి ఉత్తరువూ అడక్కుండా ఊబిలో పొర్లి రేవుకు వెళ్ళారు. కొమ్ములయ్య మనవరాలు నీళ్ళకు వచ్చి, చిత్తడమ్మ దవడ మీది గాటును నాకింది. ఆ ముఖాన్ని ముఖంగా చూడగలిగింది ఆ అడవిలో ఆ లేగ ఒక్కతే.

నీతి: ముఖం చూసి దండు కట్టేవాడు, శత్రువు వచ్చిన పూట పారిపోయే దండు వీపులు చూడాల్సి వస్తుంది.

కథ అయింది, లెక్క తేలలేదు. దండనాయకా, నల్లబండ అక్కడే ఉంది, నువ్వన్న మాటా అక్కడే ఉంది. ఎక్కి మళ్ళీ చెబుతావా, లేక ఆ రోజు అబద్ధమాడానని ఒప్పుకుంటావా? రెంటిలో ఒక జవాబు కావాలి, కార్తీక పౌర్ణమి లోపల.