కొండ నెత్తిన చెట్టు ఎందుకు నిలవదు

ఒకప్పుడు కొండ నెత్తిన కూడా కారడవే ఉండేది. ఇప్పుడు గడ్డి ఊగే చోటల్లా చెట్లే. పట్టపగలు కూడా నేల మీద ఎండపొడ పడేది కాదు.

ఆ అడవిలో బుదరి అనే ఒంటరి మనిషి ఉండేది. గుడిసె పక్కన ఒక పనసచెట్టు. వాళ్ళమ్మను మట్టి చేసిన చోట మొలిచింది. బుదరి దాన్ని "అమ్మా" అని పిలిచేది. అది "ఏం బిడ్డా" అని పలికేది. ఆ పలుకు తప్ప ఆమెకు ఇంకెవరూ లేరు.

ఒక చలికాలం పొద్దున గాలి వణుకుతూ గుమ్మంలోకి వచ్చాడు.

"బుదరక్కా, చచ్చిపోతున్నాను. కాస్త నిప్పు ఇవ్వవూ!"

"అందరినీ వణికించేవాడివి, నీకూ చలేనా?" అని నవ్వింది బుదరి.

"ఇవ్వకు బిడ్డా, వాడి ఊపిరి వాడి మాట వినదు" అంది పనస.

కానీ నిప్పు అడిగినవాళ్ళను ఉత్త చేతులతో పంపితే పొయ్యిలో తల్లి అలిగి పోతుందని కొండవాళ్ళ నమ్మకం. బుదరి కొండదేవరకు దండం పెట్టుకుని, కుండపెంకులో నిప్పుకణిక వేసి, బూడిద కప్పి ఇచ్చింది.

"మెల్లగా పో నాయనా."

మెల్లగానే పోయాడు పాపం. ఒళ్ళు వెచ్చబడగానే "అమ్మయ్య!" అని ఊపిరి వదిలాడు. బూడిద లేచిపోయింది. కణిక ఎగిరి ఎండుటాకుల్లో పడింది.

ఆ రోజుల్లో చెట్లకు నడక ఉండేది. అన్నీ కిందకు, వాగులున్న లోయల్లోకి పరుగెత్తాయి. పనస కదల్లేదు.

"రా అమ్మా, రా!" బుదరి మాను పట్టుకుని లాగింది.

"నా వేళ్ళు మీ అమ్మను పట్టుకుని ఉన్నాయే. ఎలా వదిలేది? నువ్వు పో బిడ్డా."

మంట వచ్చి పనసను తీసుకుపోయింది. చెట్ల కింది గడ్డీ కాలింది. కానీ గడ్డి ప్రాణం మట్టిలో ఉంది, తొలివానకు లేచింది.

బుదరి లోయలోంచి మొక్కలు మోసుకొచ్చి బూడిదలో నాటింది. గాలి సిగ్గుతో వచ్చి ప్రతి తెల్లవారుజామునా వాటి మీద ఏడ్చేవాడు. ఆ చల్లని కన్నీళ్ళు మంచై గడ్డకట్టేవి. మొక్కలు నల్లబడి మాడిపోయేవి.

"ఏడవకురా నాయనా, నీ ఏడుపే వాటిని చంపుతోంది!"

"ఆగడం లేదక్కా" అనేవాడు గాలి.

మళ్ళీ నాటింది. మళ్ళీ మాడాయి. నాటి నాటి బుదరి కూడా ఆ మట్టిలోనే కలిసిపోయింది. చివరిదాకా "అమ్మా" అని పిలుస్తూనే ఉంది. ఎవరూ పలకలేదు.

అప్పటినుంచే చెట్లు నడక మాని లోయల మడతల్లో వాగును పట్టుకుని బతుకుతున్నాయి. కొండ నెత్తిన గడ్డి ఒక్కటే ఉంటుంది. చలికాలం తెల్లవారేసరికి దాని మీద తెల్లగా మంచు పరుచుకుంటుంది, ఎక్కడైనా ఒక చెట్టు మొలక తల ఎత్తితే, ఆ పొద్దుకే మాడిపోతుంది.