మేకకు మేకే అండ

కొండమీది మఠంలో యాత్రికుల కోసం కొత్త మండపం లేచింది. అలసి వచ్చినవాళ్ళు ఆడుకునేందుకు దాని రాతి నేల మీద ఒక ఆటపటం చెక్కించాలని గురువు నిర్గుణయ్యకు తోచింది. ఆట కల్పించే పని శిష్యుడు పరదేశికి అప్పగించాడు.

పరదేశి పొంగిపోయి యుద్ధం ఆట ఒకటి తయారుచేశాడు. ఏ భటుడు ఎప్పుడు కదలాలో, ఎవరి పక్కన నిలవాలో, ఎప్పుడు వెనక్కి తగ్గాలో, అన్నిటికీ నియమాలే. బొగ్గుతో పటం గీసి యాత్రికుల చేత ఆడించాడు. వాళ్ళు ఎత్తు ఎత్తుకీ అతని మొహం చూశారు.

"ఇప్పుడేం సెయ్యాలి సామీ?"

కాసేపటికి ఒకాయన గురక పెట్టాడు. నియమాలు చాల్లేదనుకుని పరదేశి మరికొన్ని కలిపాడు. తడిసి మోపెడయ్యాయి. ఈసారి ఇద్దరు గురక పెట్టారు.

తెల్లారితే శిల్పి వస్తాడు. చెక్కడానికి ఆట లేదు. పరదేశికి ఏడుపొక్కటే తక్కువ.

"నా వల్ల కావడం లేదు స్వామీ. ఇంకే నియమం పెట్టమంటారు?"

నిర్గుణయ్య బొగ్గు తీసుకుని పక్కనే పులిమేక పటం గీశాడు. పులులుగా గులకరాళ్ళు తన దగ్గర ఉంచుకుని, మేకలుగా చింతగింజలు శిష్యుడి దోసిట్లో పోశాడు.

పులి మేక మీంచి దూకి అవతలి ఖాళీలో పడితే మేక చచ్చినట్టే. పరదేశికి చిన్ననాటి ఆట. గురువుగారి పులి ఒక మేక పక్కకి రాగానే దాని వెనక ఇంకో మేకను పెట్టేశాడు.

"అక్కడెందుకు పెట్టావు నాయనా?"

"వెనక ఖాళీ ఉంటే దూకేస్తుంది కదా స్వామీ. మేకకు మేకే అండ."

"అండగా నిలవాలని ఏ నియమం చెప్పింది?"

గింజ పరదేశి చేతిలోనే ఉండిపోయింది. రెండు పటాలనూ మార్చి మార్చి చూశాడు. తర్వాత లేచి యాత్రికుల దగ్గరికి వెళ్ళాడు.

"భటుడు గీత వెంట ఒక్క అడుగు కదులుతాడు. ఇద్దరు శత్రువుల మధ్య చిక్కితే చస్తాడు. అంతే. మిగతాది మీ ఇష్టం."

పొద్దు వాలేసరికి మండపమంతా గోల. సింహాద్రమ్మ అనే ముసలామె తన భటుణ్ణి తీసుకెళ్ళి శత్రువుల ముందు ఒంటరిగా నిలబెట్టింది. పరదేశి ఉండబట్టలేకపోయాడు.

"అయ్యో, వాణ్ణెందుకు బలిస్తావమ్మా?"

"ఆగండి సామీ. ఆడు ఊరికే సావడు."

ఆ ఎరకు ఆశపడి వచ్చిన ఇద్దరూ ఆమె భటుల మధ్య చిక్కారు. చూస్తున్నవాళ్ళు ఈలలు వేశారు. పరదేశి చంటిపిల్లాడిలా నవ్వుతూ గురువు దగ్గరికి పరిగెత్తాడు.

"స్వామీ, ఆ ఎత్తు నేను పెట్టింది కాదు!"

నిర్గుణయ్య చేతికంటిన బొగ్గు తుడుచుకున్నాడు.

"ఇక ఉలి పడనీ."